మా దోశ మాస్టర్‌కి జ్యూరీ డ్యూటీ వచ్చింది, షాపు ఎలా నడపాలి?

ఇర్వింగ్_టిఫిన్స్:
నమస్తే అండి. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో చిన్న టిఫిన్ సెంటర్ మాది, నేను, మా ఆవిడ, ఇంకో ముగ్గురు, అంతే. మా దోశ మాస్టర్‌కి పోయినేడే సిటిజన్‌షిప్ వచ్చింది, ఇప్పుడు జ్యూరీ డ్యూటీ కార్డు వచ్చింది (కేసు విని తీర్పు చెప్పడానికి సిటిజన్లని కోర్టుకి పిలుస్తారు కదా, అది), వచ్చే సోమవారం పొద్దున్నే కోర్టులో ఉండాలంట. పాపం గంటల లెక్కన జీతం కదా, పనికి రాకపోతే డబ్బులు పోతాయని ఆ కార్డు మడతపెట్టి ఆప్రాన్ జేబులో పెట్టుకుని నాలుగు రోజులు నాకు చెప్పనే లేదు, చూసేసరికి దానికి నూనె మరకలు కూడా అంటుకున్నాయి. కేసులోకి తీసుకుంటే ఎన్ని రోజులో తెలీదు, గురువారం 80 మందికి ఆఫీసు లంచ్ ఆర్డరు ఉంది. వాయిదా ఇస్తారా? జీతం నేనే ఇవ్వాలా?

ప్లేనో_శ్రీను:
అన్నా ఆ కార్డు మాత్రం పక్కన పడేయొద్దు, వెళ్లకపోతే ఫైన్ వేస్తారు. సోమవారం లోపే కోర్టు క్లర్క్‌ని అడగమను, ఏడాదిలో ఇంతకుముందు వాయిదా తీసుకోకపోతే ఇచ్చేస్తారు, కాకపోతే కొత్త తేదీ ఆరు నెలల లోపే ఉండాలి. బిజినెస్ దెబ్బతింటుంది పూర్తిగా వదిలేయండి అంటే మాత్రం కష్టం, టెక్సాస్‌లో డబ్బు కారణం మీద వదలాలంటే కేసులో రెండు పక్షాలూ అక్కడుండి ఒప్పుకోవాలి.

లెక్కల_పద్మ:
జీతం సంగతి నేను చెప్తా, చిన్న షాపుల పేరోల్ చూస్తుంటాను. గంటల లెక్క వాళ్లకి టెక్సాస్‌లో ఓనర్ ఇవ్వక్కర్లేదండి. కోర్టు వాళ్లు మొదటి రోజు 20 డాలర్లు, తర్వాత రోజుకి 58 ఇస్తారు, 2023 సెప్టెంబర్‌కి ముందైతే మొదటి రోజుకి 6 డాలర్లే ఇచ్చేవాళ్లు. ఫిక్స్‌డ్ శాలరీ మేనేజర్ అయితే వేరే, ఆ వారంలో కొంచెం పనిచేసినా జ్యూరీకి వెళ్లిన రోజుల జీతం కోయకూడదు, కోర్టు ఇచ్చింది మాత్రం తగ్గించుకోవచ్చు. జ్యూరీకి వెళ్లాడని పనిలోంచి తీసేయడం మాత్రం నేరం. మా చెల్లి వాళ్లు మసాచుసెట్స్‌లో ఉంటారు, అక్కడ మొదటి మూడు రోజులు ఓనరే ఇవ్వాలి. నన్నడిగితే ఐదుగురున్న షాపు మీద ఆ బరువు వేయడం అన్యాయం, 58తో ఇల్లు గడవదని తెలిసీ పనివాడి మీద వదిలేయడం ఇంకా అన్యాయం, కోర్టు పని ప్రభుత్వానిది, పూర్తి కూలి ప్రభుత్వమే ఇవ్వాలి.

కొత్త_గ్రీన్‌కార్డ్:
అక్కా, నాకూ అలాంటి కార్డే వచ్చింది, నేను సిటిజన్‌ని కాదు కదా?

లెక్కల_పద్మ:
డ్రైవింగ్ లైసెన్స్ లిస్టులోంచి కూడా పేర్లు తీస్తారు తమ్ముడూ, అందుకే వస్తుంది. సిటిజన్ కాదని టిక్ పెట్టి తిరిగి పంపించు, అసలు పంపకుండా ఉండొద్దు.

ఇర్వింగ్_టిఫిన్స్:
చాలా థాంక్స్ అందరికీ. ఇందాకే వాయిదా అడిగించాను, ఒప్పుకున్నారు, నెలన్నర టైమ్ దొరికింది. ఇవ్వక్కర్లేకపోయినా మొదటి రెండు రోజుల జీతం నేనే ఇస్తానని చెప్పాను, తొమ్మిదేళ్లుగా ఆ పెనం ముందు నిలబడ్డ మనిషి. కౌంటర్‌లో ఉండే అబ్బాయికి ఆదివారం నుంచి దోశలు నేర్పిస్తానని ఆయనే అన్నాడు.