ఇసుక గొట్టం పురుగు ట్యాంకులో గూడు కట్టట్లేదు

ప్రశ్న: బీసెంట్ నగర్‌లో 20 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు. అందులో ఇసుక రేణువుల్ని తన ఒంటి జిగురుతో అతికించి గొట్టంలా గూడు కట్టుకునే సముద్రపు పురుగు ఉంది. రాయికి అంటుకున్న ఇసుక గొట్టం పై అంచు విరిగింది. అడుగున బోలెడు ఇసుక ఉన్నా పురుగు మళ్లీ కట్టట్లేదు. ఎందుకండీ?

జవాబు 1: అడుగున ఉంటే దానికేం లాభం? అది గొట్టం వదిలి రాదు, నీళ్లలో కొట్టుకొచ్చే రేణువుల్నే మీసాలతో పట్టుకుంటుంది. అర మిల్లీమీటరు ఇసుకను ఆర్వో నీళ్లలో కడిగి, డ్రాపర్‌తో మీసాల మీద చిటికెడు వదలండి. గాజు పూసలతోనైనా కడుతుంది. బురద మాత్రం వద్దు. పంపు గాలి పురుగు గూడు మూతివైపు కాదు, ప్రవాహం పక్కనుంచి తగలాలి.

ప్రశ్నించినవారు: నీళ్లలో జిగురు ఎలా ఆరుతుందండీ?

జవాబు 2: ఆరదు, గడ్డకడుతుంది. గ్రంథిలో జిగురు ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. సముద్రపు నీళ్లది 8 పైన. ఆ తేడాకే ప్రొటీన్లు అర నిమిషంలో బిగుస్తాయి. తర్వాత కొన్ని గంటల్లో గోధుమరంగుకి తిరిగి గట్టిపడతాయి. కాబట్టి పీహెచ్ పడిపోకుండా చూడండి.

జవాబు 3: ఇదంతా రాతి మీది గుంపు పురుగుల సంగతి. ఐస్‌క్రీమ్ కోన్ లాంటి విడి గొట్టమైతే అది వేరే జాతి. తలకిందులుగా ఇసుకలో పాతుకుని ఉంటుంది. దానికి లోతైన ఇసుకే కావాలి, డ్రాపర్ అక్కర్లేదు.