రేణిగుంట విమానాశ్రయం: పొడుగు రన్‌వే ముందా, కువైట్ విమానం ముందా? (ఒక ఆన్‌లైన్ చర్చ)

కొర్లగుంట వాసి:
తిరుపతి విమానాశ్రయం మాటెత్తితే అందరూ రన్‌వే దగ్గరే ఆగిపోతారు. 2,286 మీటర్ల రన్‌వేని 3,810 మీటర్లకు పెంచాలి, భారీ విమానాలు దిగాలి, దూరదేశాల భక్తులు నేరుగా రావాలి. రానివ్వండి, సంతోషమే. నేనడిగేది ఒక్కటే. పీలేరు, రాయచోటి, రాజంపేట నుంచి పొట్టకూటికి కువైట్ పోయేవాళ్లకు ముందు ఒక విమానం వేయించండి.

పోయిన నెల మా వదినను సాగనంపాం. తెల్లవారుజామున చెన్నైలో ఫ్లైట్. రాత్రి భోజనాలయ్యాక బయల్దేరాం. అట్టపెట్టెకు నైలాన్ తాడు నాలుగు చుట్లు చుట్టి, పైన పేరు, కువైట్ అని నల్ల మార్కర్‌తో రాశాం. ఆవకాయ డబ్బా మూతకు టేపు వేస్తూ ఆమె ఏడుస్తానే ఉంది. రేణిగుంటలో ఒక దారి మన విమానాశ్రయానికి పోతుంది. మేం ఇంకో దారి పట్టి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా నూట ముప్పై కిలోమీటర్లకు పైగా పోయాం. ఊరికి ఇంత దగ్గర్లో విమానాశ్రయం పెట్టుకుని ఈ అవస్థ ఎందుకు? దానికి అంతర్జాతీయ హోదా కూడా ఉంది కదా!

గాజులమండ్యం:
అన్నా, బాధ అర్థమైంది. కానీ రన్‌వేని పక్కన పెట్టి కువైట్ మాట్లాడితే కుదరదు. మన దగ్గర మే నెల ఎండ తెలుసు కదా. వేడికి గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ బలమూ తగ్గుతుంది. అప్పుడు పైకి లేవాలంటే ఎక్కువ దూరం పరిగెత్తాలి. దూరం చాలకపోతే బరువు తగ్గించాలి, అంటే కొన్ని సీట్లు ఖాళీగా పోవాలి. గల్ఫ్ దాకా ఇంధనం నింపుకుంటే బరువు ఇంకా ఎక్కువ. సీట్లు ఖాళీగా నడిపితే ఏ కంపెనీకి గిట్టుబాటు?

కొర్లగుంట వాసి:
మంగళూరు చూడు తమ్ముడూ. గుట్ట మీద, 2,450 మీటర్ల రన్‌వే. అక్కడ్నుంచి ఏళ్ల తరబడి చిన్న విమానాలతోనే గల్ఫ్ సర్వీసులు నడుస్తున్నాయి. రన్‌వే పెంచొద్దని నేననను. 3,810 అయ్యేదాకా ఏదీ అడగకూడదనే మాటే నాకు నచ్చదు.

అసలు అడ్డు వేరే చోట ఉంది. విదేశీ సంస్థ రావాలంటే రెండు దేశాల ఒప్పందంలో మన ఊరి పేరు ఉండాలి. మన దేశ సంస్థ నడిపితే ఆ ఇబ్బంది లేదు, సీట్ల కోటాలో, అంటే ఒక్కో దేశం సంస్థలు వారానికి ఇన్ని సీట్లే నడపాలన్న లెక్కలో, చోటుంటే చాలు. కువైట్‌తో ఆ కోటాని 2025లో వారానికి 12,000 నుంచి 18,000 సీట్లకు పెంచారు. పెరిగిన వాటిలో వారానికి మూడు విమానాలు తిరుపతి నుంచి నడపమని మన ఎంపీలు, ఎమ్మెల్యేలు పట్టుబట్టాలా వద్దా?

కృష్ణాతీరం:
మా విజయవాడ అనుభవం వినండి. 2018 డిసెంబర్‌లో సింగపూర్ విమానం మొదలైంది. సీట్లు నిండకపోతే నష్టం భరిస్తామని రాష్ట్ర ప్రభుత్వం మాటిచ్చింది. ఆ సాయం ఆగింది, 2019లో విమానమూ ఆగింది. మీకూ అదే గతి పడుతుందని నా భయం.

కొర్లగుంట వాసి:
భయపడటంలో తప్పులేదు. కానీ కువైట్ పోయేవాళ్లు సాయం ఉన్నా లేకపోయినా పోతారు సార్. ఇప్పుడు కూడా పోతూనే ఉన్నారు, చెన్నై మీదుగా.

చిత్తూరు తోతాపురి:
మీరు తిరుపతి వాళ్లు మీ గొడవే చెప్పుకుంటారు. కుప్పంలో విమానాశ్రయం వస్తే మా పడమటి మండలాల టమోటాకు, పూలకు దారి దొరుకుతుంది. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

గాజులమండ్యం:
వస్తే మంచిదే అక్కా. కానీ బెంగళూరు విమానాశ్రయం ఒప్పందంలో ఒక షరతు ఉంది. చుట్టూ 150 కిలోమీటర్లలో, మైసూరు, హాసన్ తప్ప, కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం పాతికేళ్ల దాకా రాకూడదు. బెంగళూరు విమానాశ్రయం 2008లో మొదలైంది. కుప్పం ఆ గీత లోపలే ఉంది. అందుకని 2033 దాకా మన ఉమ్మడి జిల్లా సరుకు మన దగ్గర్నుంచే నేరుగా విదేశాలకు పోవాలంటే రేణిగుంటే దిక్కు. కార్గో షెడ్డు, చల్లటి గోడౌను అడగండి, నేనూ మీతో గొంతు కలుపుతా.

శనక్కాయ చేను:
ఇందరు మాట్లాడారు, భూమి పోయినవాళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. మాది విమానాశ్రయం గోడ పక్క ఊరు. విస్తరణలో మా నాయన చేను పోయింది. బోరు, మోటారు షెడ్డు, రెండు చింతచెట్లు, అన్నీ పోయాయి. చెట్ల లెక్క తప్పు రాశారని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నాయన చెప్పులు అరిగాయి. చెరువుకి పోయే బండిబాటకు అడ్డంగా గోడ కట్టారు. ఇప్పుడు బర్రెల్ని తోలుకొని చుట్టూ తిరిగి పోవాలి, పోను గంట, రాను గంట. రాత్రి విమానం దిగితే దూడలు బెదిరి తాళ్లు తెంపుకుంటాయి. అభివృద్ధి వద్దని మేం ఎప్పుడూ అనలేదు. మా చేను మీద దిగే విమానంలో మా ఊరి పిల్లోళ్లకు లోడరు పనైనా దొరకాలి కదా?

అలిపిరి మెట్లు:
ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఆనందనిలయం మీదుగా విమానాలు ఎగరకూడదన్నది ఆగమం మాట. విమానాలు పెరిగేకొద్దీ ఆ దారుల్ని ముందే గీసి పెట్టుకోవాలి. తర్వాత మార్చడం కష్టం.

కొర్లగుంట వాసి:
శనక్కాయ చేను తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నేను పోస్టు పెట్టేటప్పుడు మీ ఊరు నా మనసులోకే రాలేదు, అది నా తప్పే. ఎంపీ గారికి ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాను. వారానికి మూడు కువైట్ విమానాలు, కార్గో షెడ్డు, ఆనందనిలయం మీదుగా పోని దారులు, భూమి ఇచ్చిన ఊళ్లకు ఉద్యోగాల్లో మొదటి చోటు, ఈ నాలుగూ అందులో పెడతాను.

శనక్కాయ చేను:
బండిబాట కూడా రాయన్నా. గోడ కింద బర్రెలు దూరేంత దారి చాలు.

కొర్లగుంట వాసి:
రాస్తాను. ఆదివారం పొద్దున మీ ఊరికొస్తా. ఆ చోటు చూపించు, ఫోటో తీసి అర్జీకి జత చేద్దాం.