క్లాట్ తగ్గిన పిల్లాడి కాలు ఏళ్ల తరబడి కొలిపించాలా?

నాగావళి నాన్న (శ్రీకాకుళం)

మా వాడికి తొమ్మిదేళ్లు. పోయిన ఏడాది నిమోనియా ముదిరి ఐసీయూలో పెట్టినప్పుడు కుడి గజ్జల్లో సిరలోకి పెద్ద లైన్ (మందులెక్కించే గొట్టం) వేశారు. అయిదో రోజుకి కాలు తొడ దాకా ఉబ్బింది. మా అమ్మ చూసి "గుంటడికి బోద దిగింది బావూ" అని ఏడుపు. డాప్లర్ స్కాన్ తీస్తే తొడ సిరలో రక్తం గడ్డకట్టి (క్లాట్) ఉంది. పన్నెండు వారాలు రోజుకి రెండు ఎనాక్సపారిన్ (రక్తం పల్చబరిచే మందు) సూదులు. పొడిచింది నేనే. వాడు ఏడవకుండా ఉండడానికి నేనే ముందు పాట పాడేవాడిని.

ఇప్పుడు పరిగెడతాడు, క్రికెట్ ఆడతాడు. అయినా ఆరు నెలలకోసారి విశాఖ రమ్మంటున్నారు. ఆమదాలవలసలో తెల్లవారుజామున రైలెక్కితే ఇంటికొచ్చేసరికి రాత్రి. ఒక రోజు కూలి, వాడికి ఒక రోజు బడి. అక్కడ చేసేది టేపుతో కాలు కొలవడం, చర్మం చూడడం. మొన్న కుడి పిక్క ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువుందని "పీటీఎస్, మైల్డ్" అని రాశారు. ఆ కాగితం చూసి స్కూల్లో పీఈటీ సారు వాడిని ఆటలో నుంచి తీసేశారు. వాడి ఏడుపు చూడలేకపోతున్నాం. మందు లేని దానికి ఈ కొలతలెందుకు? మానేస్తే తప్పా?

రాజాం రాజు

మానేయండి అన్నా. పీటీఎస్ (పోస్ట్ థ్రాంబోటిక్ సిండ్రోమ్) అంటే క్లాట్ తర్వాత సిరలో కవాటాలు పాడై రక్తం కిందే నిలిచిపోవడం, అంతే కదా? దానికి మాత్ర లేదు, ఆపరేషన్ పిల్లలకు మామూలుగా చేయరు. ఫలితం మారని పరీక్షకి రైలెక్కడం దేనికి? ఇది కాగితం మీద తయారు చేసిన జబ్బు.

గజపతినగరం ఫిజియో

రాజు గారు సగం నిజం చెప్పారు. కాగితం మీద తయారైన భాగం ఉంది, అది ఎక్కడుందో చూద్దాం.

పిల్లలకు వాడే స్కోర్లలో రెండు ముఖ్యమైనవి. పెద్దవాళ్ల విల్లాల్టా స్కేలుని పిల్లలకోసం మార్చింది ఒకటి. మాంకో-జాన్సన్ అనేది రెండోది. పెద్దవాళ్ల విల్లాల్టాలో కనీసం 5 పాయింట్లు వస్తే గానీ పీటీఎస్ అనరు. పిల్లల విల్లాల్టాలో 1 నుంచి 3 వచ్చినా మైల్డ్ అని రాసేస్తారు. అంటే ఒక పిక్క కాస్త లావుంటే చాలు, నొప్పి లేకపోయినా పేరు పడిపోతుంది. మాంకో-జాన్సన్ అలా కాదు. ఒంటి మీద కనిపించేవి (వాపు, చర్మం మీద తేలిన కొత్త సిరలు, మచ్చలు, పుండు) ఒకవైపు, పిల్లాడు చెప్పే నొప్పి ఇంకోవైపు. నొప్పిని నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలు చూపించి అడుగుతారు. ఊరికే కూర్చున్నప్పుడు, రోజువారీ పనుల్లో, పరిగెత్తినప్పుడు అని మూడు సందర్భాలకు విడివిడిగా. రెండువైపులా ఉంటేనే ఆ సమస్య లెక్కలోకి వచ్చేదని అంటారు.

2010లో వచ్చిన ఒక సమీక్షలో క్లాట్ వచ్చిన పిల్లల్లో సుమారు 26 శాతానికి పీటీఎస్ అని లెక్క తేలింది. భయపడకండి, అందులో ఏ కాలు ఏ కొలబద్దతో కొలిచారో దాన్ని బట్టి అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా రెండు కాళ్లు అచ్చం ఒకేలా ఉండవు. బౌలింగు వేసే కుర్రాళ్ల కాళ్లు నేను రోజూ చూస్తాను.

రాజాం రాజు

అదే నేనన్నది కదా మేడమ్!

గజపతినగరం ఫిజియో

కాదు. మీరు కొలత మానేయమన్నారు. నేను కొలతకి పెట్టిన పేరు తొందరపాటు అంటున్నాను.

సిక్కోలు సిస్టర్

నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. నాగావళి అన్నయ్యా, మీ అమ్మగారు బోద అనుకోవడంలో తప్పులేదు. మన జిల్లాలో కాలు వాస్తే మొదటి మాట అదే. రాత్రి పూట రక్తం తీసి చూడడం, ఏడాదికోసారి బోదకిచ్చే డీఈసీ మాత్రలు మింగించడం చూసి పెరిగాం. కానీ దానివల్లే ఒక ప్రమాదం. రేపు క్లాట్ తాలూకు వాపు నెమ్మదిగా పెరిగినా "బోదేలే" అని వదిలేస్తారు. పాత కొలత ఉంటేనే కొత్త వాపు తెలుస్తుంది.

ఇంకో మాట. మనం సిరని, నరాన్ని ఒకే మాటతో పిలుస్తాం. "నరం మూసుకుపోయింది" అని రిపోర్టు చదివించుకుని, కాలు పడిపోతుందేమోనని బెంగపడ్డ తల్లుల్ని చూశాను. ఇది సిర. పక్షవాతం కాదు.

తెర్లాం తల్లి

మా పాపకి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు. మూత్రంలో ప్రొటీను పోతుంటే రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుందట, అలా కాలికి క్లాట్ వచ్చింది. లైన్ వల్ల వచ్చినవాళ్లకి ఆ లైన్ తీసేస్తే కారణం పోతుంది. మాకు జబ్బు తిరగబెట్టినప్పుడల్లా కారణం తిరిగొస్తుంది. కాబట్టి "తగ్గింది, ఇక వెళ్లొద్దు" అనే సలహా అందరికీ ఒకటే అనుకోకండి తమ్ముడూ.

బిగుతు మేజోళ్ల సంగతి ఎవరైనా చెప్పండి. మాకు కొనమన్నారు, పాప ఎండలో వేసుకోదు.

గజపతినగరం ఫిజియో

పెద్దవాళ్ల మీద 2014లో సాక్స్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది. నిజం మేజోళ్లు, ఉత్తుత్తి మేజోళ్లు రెండు గుంపులకి రెండేళ్లు వేయించారు. పీటీఎస్ రాకుండా ఆపడంలో తేడా కనిపించలేదు. కాలు బరువెక్కడం, వాపు ఉన్నవాళ్లకి ఉపశమనం కోసం వాడొచ్చు. ఇబ్బంది లేని పాపకి జూన్ ఎండలో బలవంతంగా వేయించే పని లేదని నా అభిప్రాయం, మీ డాక్టరుని అడిగి మానండి. తొడిగితే కాలి కొలతకి సరిపోయేవే తొడగాలి, పిల్లలకి ఏడాదిలో కురచ అయిపోతాయి.

పలాస పెద్దాయన

మా మనవడికి ఆరు వారాలకే సూదులు ఆపేశారు. మీకు పన్నెండు వారాలా? ఇందులో ఎవరిది మోసం?

సిక్కోలు సిస్టర్

ఎవరిదీ కాదు తాతయ్యా. తాత్కాలిక కారణంతో క్లాట్ వచ్చిన 21 ఏళ్ల లోపు వాళ్లలో ఆరు వారాలు, మూడు నెలలు పోల్చిన కిడ్స్-డాట్ ట్రయల్ ఫలితం 2022లో వచ్చింది. ఆరు వారాలకి క్లాట్ పూర్తిగా అడ్డుపడి ఉండకపోతే తక్కువ రోజుల మందు తీసిపోలేదని తేలింది. ఎవరికెంత అన్నది డాప్లర్ చూసే చెబుతారు. ఇది వేరే చర్చ, ఇక్కడ పెంచొద్దు.

పీటీఎస్ కుర్రాడు (విజయనగరం)

నాకు 22. పద్నాలుగేళ్లప్పుడు ఎడమ కాలికి క్లాట్. మందు అయ్యాక ఎవరూ రమ్మనలేదు, మేమూ వెళ్లలేదు. ఇంటర్‌లో సాయంత్రానికి కాలు బరువెక్కేది. బద్ధకం అనుకున్నాను, నాన్న కూడా అదే అన్నారు. డిగ్రీలో చీలమండ దగ్గర గోధుమ మచ్చ, దురద, తర్వాత చిన్న పుండు. తగ్గడానికి నెలలు పట్టింది. ఇప్పుడు మేజోళ్లు వేసుకుంటాను, రాత్రి కాలు దిండు మీద పెడతాను, బరువు తగ్గాను, నడుస్తాను.

రాజు గారూ, మాత్ర లేదు నిజమే. కానీ పుండు పడకముందు ఎవరైనా ఆ కాలు చూసుంటే నా డిగ్రీ రెండో ఏడాది మిగిలేది. పెద్దవాళ్లు నన్ను ఎన్నడూ "కాలు ఎలా ఉంది" అని అడగలేదు. "బాగానే ఉన్నావుగా" అన్నారు.

రాజాం రాజు

సరే తమ్ముడూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఒకటి. ఆరు నెలలకోసారి విశాఖే ఎందుకు? చూడాల్సింది చర్మం, కొలవాల్సింది పిక్క. మన ఊళ్లో ఎవరైనా చేయగల పనికి ఒక కుటుంబం రోజు కూలి పోగొట్టుకోవడమేంటి?

గజపతినగరం ఫిజియో

ఇది ఒప్పుకుంటాను. ఇంట్లో చేయొచ్చు. మోకాలి చిప్ప కింద ఎముక గడ్డ తగులుతుంది, అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు కిందకి గుర్తు పెట్టి రెండు కాళ్లూ కొలవండి. తొడకూ అలాగే ఒక గుర్తు. పిల్లాడు పెరుగుతాడు కాబట్టి పాత అంకెతో కాదు, ఎప్పుడూ రెండో కాలితోనే పోల్చాలి. నెలకోసారి, ఒకే వేళకి. తేడా పెరుగుతుంటే, రంగు మారితే, చర్మం మీద కొత్త సిరలు తేలితే వెళ్లండి. ఉన్నట్టుండి వాపు, నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆ రోజే వెళ్లాలి, టేపు కోసం వెతకొద్దు. మీ డాక్టరుతో మాట్లాడి ఈ లెక్కలు చూపిస్తే ఆరు నెలలు ఏడాదికి మారొచ్చు.

డిశ్చార్జి కాగితం మాత్రం పారేయకండి. ఏ వైపు సిరలో క్లాట్ వచ్చిందో రాసి ఉంటుంది. మళ్లీ ఎప్పుడైనా ఆపరేషనో, ఐసీయూనో అవసరమైతే అదే గజ్జల్లో లైన్ వేయకుండా ఆపేది ఆ కాగితమే. తెర్లాం అమ్మా, మీ పాప పెద్దయ్యాక హార్మోను మాత్రలు వాడాల్సి వచ్చినా, గర్భం వచ్చినా డాక్టరుకి ఆ కాగితం చూపించాలి.

ఆటకి అడ్డు లేదని డాక్టరుతో ఒక లైను రాయించుకుని పీఈటీ సారుకి ఇవ్వండి. రక్తం పల్చబరిచే మందు నడుస్తున్నప్పుడు దెబ్బలు తగిలే ఆటలు వద్దంటారు. మందు ఆగింది కదా, పిక్క కదలడం ఆ కాలికే మేలు. గుండెకి రక్తాన్ని పైకి తోసేది ఆ కండరమే.

నాగావళి నాన్న

పీటీఎస్ కుర్రాడి మాట చదివి నిన్న రాత్రి మా వాడిని అడిగాను. ముఖాల బొమ్మలు నేనే గీశాను, వంకరగా వచ్చాయి, నవ్వాడు. పరిగెత్తినప్పుడు? నవ్వే ముఖం చూపించాడు. కూర్చుంటే? అదే. తర్వాత వాడంతట వాడే "ప్రేయర్లో నిలబడితే ఇది నాన్నా" అని నాలుగో ముఖం మీద వేలు పెట్టాడు. రోజూ అరగంట నిలబెడతారట. కదలొద్దంటారట.

పద్నాలుగు నెలలుగా వాడిని ఆటల గురించే అడుగుతున్నాం. నిలబడడం గురించి ఎవరికీ తట్టలేదు. ఆసుపత్రిలో కూడా ప్రశ్నలన్నీ నన్నే అడిగారు, నేను "ఏం లేదండీ" అన్నాను.

సోమవారం హెడ్‌మాస్టరు దగ్గరకి వెళ్తున్నాను. ప్రేయర్లో కూర్చోనివ్వమని, ఆటలో ఆడనివ్వమని అడుగుతాను. ఈసారి విశాఖ కూడా వెళ్తాం, వాడి చేతే చెప్పిస్తాను. మేడమ్, మా ఆవిడ కుట్టు టేపు పనికొస్తుందా?

గజపతినగరం ఫిజియో

గుడ్డ టేపు వాడుతుంటే సాగుతుంది, ముందు స్కేలు పక్కన పెట్టి చూసుకోండి. సాగితే కొత్తది కొని వాడి కాలికి మాత్రమే ఉంచండి.

రాజాం రాజు

హెడ్‌మాస్టరు ఏమన్నారో సోమవారం ఇక్కడ రాయండి అన్నా.