పొలిమేర నడక: రాళ్లు వెతకడం ఎలా, గుర్తు ఎవరు పెట్టాలి?

కొండవాలు:
ఇంగ్లండులో విచారణ (ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతం) హద్దుల వెంట నడిచి, గుర్తురాళ్లను కర్రలతో కొట్టే ఆచారం ఉంది కదా. మధురవాడ వైపు, జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) కలిసిపోయిన ఓ పాత ఊరి పొలిమేర వెంట మా కాలనీ పిల్లలతో అలా నడవాలనుకుంటున్నాం. అక్కడ పద్ధతి ఏమిటి? ఇక్కడ రాళ్లు పోయిన చోట మేమే పెట్టొచ్చా?

గంటగోపురం:
అక్కడ ఆరోహణ పండుగ (క్రీస్తు పరలోకానికి ఎక్కిన రోజు) గురువారంనాడు గానీ, దానికి ముందు మూడు రోజుల్లో గానీ నడుస్తారు. చర్చి గురువు, పెద్దలు ముందు. తొక్క ఒలిచిన విల్లో బెత్తాలతో పిల్లలు వెనక. పటాలు లేని కాలంలో పన్ను ఎవరికి కట్టాలి, శవాన్ని ఎక్కడ పూడ్చాలి అన్నవి ఆ గీతను బట్టే తేలేవి. అందుకే పిల్లల్ని తెచ్చేవారు: అరవై ఏళ్ల తర్వాత సాక్ష్యం చెప్పగలిగేది వాళ్లే. మరిచిపోకుండా పిల్లాణ్ణి ఎత్తి రాయికేసి కుదేసేవారు కూడా (ఈ భాగం మీరు వదిలేయండి!). ఆక్స్‌ఫర్డ్‌లో కొన్ని గుర్తులు ఇప్పుడు దుకాణాల లోపల ఉన్నాయి. లోపలికెళ్లి సుద్దముక్కతో సంవత్సరం రాసి, కొట్టి వస్తారు. లండన్‌లో ఆల్ హాలోస్ చర్చి హద్దు థేమ్స్ నది మధ్యలో ఉంటే పడవెక్కుతారు.

గొలుసు66:
ఇక్కడ సంగతి. జీవీఎంసీలో కలిసినా రెవెన్యూ గ్రామం రికార్డులో అలాగే ఉంటుంది. ముందు ఊరి పటం, పొలిమేరకు ఆనుకున్న సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీలు (హద్దుల కొలతలు వేసిన సర్వే పటాలు) తీసుకోండి, రెండు ఊళ్లవీ. ఉమ్మడి గీత కొలత రెండింట్లోనూ ఒకటేనా చూడండి. పాత ఎఫ్‌ఎంబీలో అంకెలు లింకుల్లో ఉంటాయి: 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు, లింకు దాదాపు 20.1 సెం.మీ. వీటిని మీటర్లనుకుంటే పక్క ఊరు దాటిపోతారు.

మూడు ఊళ్లు కలిసే ట్రైజంక్షన్ రాయి దగ్గర మొదలుపెట్టండి. తర్వాత గీత వంగిన ప్రతిచోటా వెతకాలి. తిన్నగా సాగే గీత మధ్యలో రాయి లేకపోతే కంగారు అక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేసినచోట రాయి మట్టికింద ఉండొచ్చు.

కొండవాలులో టేపు నేలకు ఆనించి కొలవడమే పెద్ద తప్పు. 15 డిగ్రీల వాలులో 20 మీటర్ల టేపు పరిస్తే అడ్డంగా వచ్చేది 19.32 మీటర్లే. టేపును మట్టంగా పట్టి, తూకంగుండు వేలాడదీసి, మెట్లు మెట్లుగా కొలవాలి. ఫోన్ జీపీఎస్ దారి చూపడానికి సరే, కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టి హద్దు తేల్చడానికి పనికిరాదు.

గెడ్డగట్టు:
గెడ్డ (వాగు) హద్దుగా ఉన్నచోట జాగ్రత్త. వరదకు గెడ్డ పక్కకు జరిగితే ఇప్పటి నీటిని చూసి గీత గీయకండి, ఎఫ్‌ఎంబీ కొలతే పట్టుకోండి.

రాయి మాత్రం మీరు పాతొద్దు, ఉన్నది కదపొద్దు. సర్వే రాళ్లను కాపాడుకునే బాధ్యత 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం పట్టాదారు మీదే పెట్టింది. రాయి పోతే ఆ పట్టాదారు మీసేవలో ఎఫ్‌లైన్‌కి, అంటే హద్దు కొలిచి చూపమని, దరఖాస్తు పెట్టాలి. పక్క రైతులకు నోటీసిచ్చి సర్వేయరు కొలుస్తారు.

మన జాతర్లలో పొలి చల్లుతూ ఊరి చుట్టూ తిరిగే దారి కొలతకు ఆధారం కాదు గానీ, పొదల్లో ఏ రాయి ఎక్కడుందో ఆ దారిన తిరిగే పెద్దలకే ఎక్కువ తెలుస్తుంది. ఒకరిని వెంటబెట్టుకోండి. పిల్లల చేతికి సుద్దముక్కలు చాలు. రంగు పూస్తే రాతి మీద చెక్కిన గుర్తు పూడిపోతుంది.