బీఎమ్ఎక్స్‌కి రిమ్ము ఎంత వెడల్పు ఉండాలి? 36 తీసుకోనా, సన్నది సరిపోతుందా?

రాజోలు_రైడర్:
అన్నలూ, రెండు వారాలుగా ఇది తేలడం లేదు. నాది 20 అంగుళాల చక్రాల బీఎమ్ఎక్స్ (గెంతులకి, రేసులకి వాడే చిన్న సైకిల్), ఇనుప రిమ్ములు, కొని నాలుగేళ్లయింది. పోయిన వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊరి పంటకాలువ ఎండిపోయింది కదా, ఒక గట్టు మీంచి లోపలికి దిగి రెండో గట్టెక్కి అంచు దగ్గర గాల్లోకి లేవడం నేర్చుకున్నాం. అప్పటి నుంచి వెనక చక్రం నెలకోసారి వంకర పోతోంది. బెండ్ తీసే ఆయన "ఇంక స్పోకులు ఎంత బిగించినా నిలవదు, రిమ్మే పోయింది" అనేశాడు. రెండు చక్రాలకీ అల్యూమినియం డబుల్ వాల్ (రెండు పొరల) రిమ్ములు వేద్దామని డబ్బులు దాచాను. దొరుకుతున్న వాటిలో 36 మి.మీ.వి ఉన్నాయి, 32, 28 కూడా ఉన్నాయి. నేను తొక్కేది గట్లు, గ్రావెల్ రోడ్డు, సాయంత్రాలు స్కూలు వెనక సిమెంటు మెట్లు. నా బరువు 58 కిలోలు, టైరు వెడల్పు 2.125 అంగుళాలు. ఏది తీసుకోమంటారు?

గట్టి_లాండింగ్:
36 తీసుకో తమ్ముడూ, ఆలోచించకు. నేను రావులపాలెంలో ఆరేళ్లుగా తొక్కుతున్నాను, సన్న రిమ్ములు రెండు పాడుచేశాక వెడల్పుకి మారాను, మూడేళ్లయింది, మళ్లీ కొనలేదు. గాల్లోంచి దిగేటప్పుడు చక్రం నిటారుగా పడితే ఏ రిమ్మైనా ఓర్చుకుంటుంది, కానీ కొంచెం అడ్డంగా తిరిగి పడితే రిమ్ముని పక్కకి విరిచేంత దెబ్బ తగులుతుంది, దాన్ని తట్టుకోవడానికే వెడల్పు కావాలి. ఇంకొకటి, సన్న రిమ్ము మీద లావు టైరు బుడగలా నిలబడుతుంది, మలుపు తిప్పినప్పుడు పక్కకి జారినట్టు ఊగుతుంది. వెడల్పు రిమ్ము మీద టైరు గోడలు నిలువుగా ఉంటాయి కాబట్టి గాలి తగ్గించినా కుదురుగా ఉంటుంది. మట్టి మీద నేను గాలి 45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టుకుని తొక్కుతాను, సిమెంటు మీదికి వెళ్లేటప్పుడు 80 దాకా కొట్టిస్తాను.

తణుకు_ట్రాక్:
అన్నా, ఆ "ఆలోచించకు" అన్న మాటే నాకు నచ్చలేదు. బరువు సంగతి ఎందుకు చెప్పలేదు? నా దగ్గరున్న రెండు రిమ్ములు కాటాలో పెట్టి చూశాను, సన్నది 430 గ్రాములు, వెడల్పుది 560. రెండు చక్రాలకీ కలిపి పావుకిలో పైనే తేడా, అది ఫ్రేములో కాదు, చక్రం అంచున తిరిగే బరువు. ఆగి ఉన్న సైకిల్‌ని మొదటి నాలుగు తొక్కుల్లో లేపాలంటే కాళ్లకి తెలుస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన బీఎమ్ఎక్స్ రేసింగ్‌లో 8 మీటర్ల ఎత్తున్న వాలు మీంచి కిందికి దిగుతూ పరుగు మొదలుపెడతారు, ఆ రేసు సైకిళ్లకి సన్న రిమ్ములు వాడేది ఇందుకే. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో ఫ్రీస్టైల్ (గాల్లో విన్యాసాలు చేసే పోటీ) వచ్చింది, వాళ్లు వెడల్పువి వాడతారు, ఎందుకంటే వాళ్లకి దిగడమే ముఖ్యం. చక్రం ఒకటే 20 అంగుళాలు, ఆటలు వేరు. ఈ తమ్ముడు గట్టు దిగి ఎక్కాలంటే వేగం కావాలి, 58 కిలోల వాడికి 36 ఎందుకు?

చక్రం_పని:
పాలకొల్లులో చాలా ఏళ్లుగా చక్రాలు కడుతున్నాను బాబూ. మీ ఇద్దరూ బయటి కొలత పట్టుకుని వాదించుకుంటున్నారు. 36 అనేది బయటి అంచు నుంచి బయటి అంచుకి. టైరు కూర్చునేది లోపల. రెండు గోడల మందం తీసేస్తే 36 దానికి లోపల 30 దగ్గర వస్తుంది, కొన్నిట్లో ఇంకా తగ్గుతుంది, గోడలు మందంగా వేసిన వాటిలో. ముందు వెర్నియర్ (మి.మీ.లో కొలిచే పరికరం) పెట్టి లోపలి కొలత తీయండి. తర్వాత టైరు పక్కన చూడండి, 54-406 లాంటి అంకెలు అచ్చుపోసి ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు మి.మీ.లో, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం. టైరు వెడల్పుని రిమ్ము లోపలి వెడల్పుతో భాగించండి. ఒకటిన్నర నుంచి రెండుంపావు మధ్య వస్తే నేను కళ్లు మూసుకుని ఎక్కిస్తాను. ఒకటిన్నర కంటే తగ్గితే టైరు పక్కలకి లాగినట్టయి పలకగా తయారవుతుంది, గోడలు బయటికొచ్చి సిమెంటు అంచుకి గీసుకుంటాయి. రెండుంపావు దాటితే టైరు ఎక్కదని కాదు, ఊగుతుంది, అంతే.

ఇంకో మాట. చక్రం వంకర పోవడానికి వెడల్పు ఒక్కటే కారణం కాదు. ఇనుప రిమ్ము ఒకే పొర. డబుల్ వాల్ అంటే లోపల పెట్టెలా రెండు పొరలు ఉంటాయి, దెబ్బ తగిలితే ఆ పెట్టె మొత్తం పంచుకుంటుంది. 36 స్పోకులూ ఒకే బిగువులో ఉంటే 28 వెడల్పు డబుల్ వాల్ కూడా ఈ బాబు బరువుకి నిలబడుతుంది. బిగువు సరిగా లేని 36 వెడల్పు రిమ్ము నా దగ్గరికి వంకరగా వచ్చింది, ఒకటి కాదు.

గట్టి_లాండింగ్:
మీరు చెప్పిన లోపలి కొలత సంగతి ఒప్పుకుంటానండి, నేను అంత వివరంగా చెప్పలేదు. కానీ మీ లెక్క ప్రకారమే చూడండి, 2.125 టైరు అంటే 54, లోపల 30 ఉంటే 1.8 వస్తోంది. మధ్యలో పడింది కదా! అలాంటప్పుడు ఎందుకు వద్దు?

భీమవరం_అమ్మ:
నేను సైకిల్ తొక్కేదాన్ని కాదు, మా అబ్బాయికి పదకొండేళ్లు. ఒక జాగ్రత్త చెప్పాలని రాస్తున్నాను. మేము 20 అంగుళాలు అని చూసి ఆన్‌లైన్లో ఒక రిమ్ము తెప్పించాం, పాత టైరు ఎంత లాగినా ఎక్కలేదు. షాపులో చూపిస్తే 451 అన్నారు, మా టైరు 406. రెండిటికీ 20 అని రాసే ఉంటుంది! అమ్మిన వాళ్లు తిరిగి తీసుకోలేదు. కాబట్టి వెడల్పు గురించి వాదించుకునే ముందు ఆ రెండో అంకె చూసుకోమని ఈ బాబుకి చెప్పండి. రెండోసారి సరైన వ్యాసంలో 36 వేయించాం, మావి 1.75 టైర్లు. బ్రేకు కట్టలు రిమ్ముకి ఆనుకుపోయాయి, చక్రం తిరగనే లేదు. దానికేం చేస్తారో ఇక్కడ ఎవరూ రాయలేదు.

చక్రం_పని:
మంచి మాట చెప్పారమ్మా. 28 నుంచి 36కి వెళ్తే ఒక్కో వైపు 4 మి.మీ. రిమ్ము బయటికి వస్తుంది. వీ బ్రేకు (రిమ్ముని రెండు పక్కల నుంచీ పట్టే బ్రేకు) అయితే బ్రేకు కట్ట వెనక ఒక మందం వాషరు, ఒక పల్చటి వాషరు ఉంటాయి, వాటిని అటూ ఇటూ మార్చి వేస్తే కట్ట వెనక్కి జరుగుతుంది, తర్వాత తీగ వదులు చేయాలి. మీ అబ్బాయి టైరు 1.75 అంటున్నారు, అంటే 44, లోపల 30కి ఒకటిన్నర కూడా రాదు. టైరు అరిగాక 1.95 వేయించండి, అప్పుడు రిమ్ముకి తగ్గట్టు ఉంటుంది. అంతవరకు మెట్ల అంచుల దగ్గర జాగ్రత్తగా తొక్కమనండి.

ఉప్పుగాలి:
అంతర్వేది వైపు వాణ్ణి. ఇంతసేపూ అందరూ ఎండాకాలం గట్టు గురించే మాట్లాడుతున్నారండీ. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలి నాలుగు వానలు పడ్డాక ఆ గట్టు ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా! మన డెల్టా మట్టి జిగురు, టైరుకి అంటుకుందంటే ఒక్కో చుట్టుకీ ఇంకో పొర ఎక్కుతుంది, వెనక ఫ్రేము గొట్టాల మధ్య ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది, సైకిల్ భుజాన వేసుకుని ఇంటికి రావడమే. నేను రెండుసార్లు మోశాను. రిమ్ము వెడల్పైతే టైరు కూడా వెడల్పవుతుంది, లోపల 5 మి.మీ. పెరిగితే టైరు సుమారు 2 మి.మీ. పెరుగుతుంది. వేసవిలో ఆ 2 మి.మీ. లెక్కలోకి రాదు, వానాకాలంలో వస్తుంది. కాబట్టి తమ్ముడు రిమ్ము కంటే ముందు వెనక గొట్టాల మధ్య ఎంత చోటుందో కొలవాలి.

ఇనుప రిమ్ము తీసేయడం మాత్రం చాలా మంచి పని. తడిసిన ఇనుప రిమ్ము మీద బ్రేకు పట్టదు, వానలో నేను లాకుల దగ్గర ఆగలేక తాటిచెట్టుకి గుద్దుకున్నాను. మా వైపు రొయ్యల చెరువుల నీళ్లు రోడ్డు మీదికి వస్తాయి, ఆ ఉప్పుకి స్పోకులు తుప్పు పట్టిపోతాయి. స్టెయిన్‌లెస్ స్పోకులు, ఇత్తడి నిపుల్స్ (స్పోకుల్ని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) అడుగు, వెడల్పు మీద పెట్టే డబ్బులో కొంత అక్కడ పెట్టు.

తణుకు_ట్రాక్:
మట్టి సంగతి నాకు తట్టలేదు, నిజమే. నా మాటకి ఇంకో బలం వచ్చినట్టే, అయినా 28 అని నేను పట్టుబట్టను. 32 తీసుకుంటే లోపల 25 వస్తుంది, 54ని భాగిస్తే 2.16, చక్రం_పని గారి లెక్కలోనే ఉంది.

రాజోలు_రైడర్:
అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం నాన్న వెర్నియర్ తీసుకుని అన్నీ కొలిచాను. ఇప్పుడున్న ఇనుప రిమ్ము లోపల 22, టైరు మీద 54-406 అని ఉంది, నిజంగా కొలిస్తే కూడా 54. వెనక గొట్టాల మధ్య 64. లోపల 30 రిమ్ము వేస్తే టైరు 57 దాకా వస్తుంది, ఒక్కో వైపు మూడున్నర మి.మీ. మాత్రమే మిగులుతుంది. లోపల 25 వేస్తే 55, ఒక్కో వైపు నాలుగున్నర. ముందు ఫోర్కులో 72 ఉంది, అక్కడ ఇబ్బంది లేదు. అందుకని వెనక 32, ముందు 36 అనుకుంటున్నాను.

గట్టి_లాండింగ్:
తమ్ముడూ, తిరగేశావు! దెబ్బ ఎక్కువ పడేది వెనక చక్రానికే, వంకర పోతున్నదీ అదే. చోటు కావాలంటే రిమ్ము తగ్గించడం ఎందుకు, టైరు తగ్గించు. వెనక 36 రిమ్ము పెట్టి 1.95 టైరు వేస్తే టైరు 50 దగ్గర ఉంటుంది, ఒక్కో వైపు 7 మి.మీ. ఖాళీ. మట్టికి చోటు, దిగడానికి బలం, రెండూ ఉంటాయి.

చక్రం_పని:
అది కూడా దారేనండి, కాదనను. కానీ టైరు సన్నబడితే ఎత్తు కూడా తగ్గుతుంది. ఈ బాబు మెట్ల మీద దూకుతున్నాడు, గాలి తక్కువ ఉన్న రోజున మెట్టు అంచు టైరుని నొక్కి రిమ్ముకి కొడుతుంది, ట్యూబుకి రెండు గాట్లు పక్కపక్కనే పడతాయి, రిమ్ము అంచు కూడా సొట్ట పోవచ్చు. 1.95 వేస్తే గాలి ఎప్పుడూ ఎక్కువ ఉంచాలి, టైరు మీద రాసిన హద్దు దాటకుండా.

రాజోలు_రైడర్:
మా పక్కవీధి వాడి దగ్గర 1.95 పాత టైరు ఉంది. రిమ్ము కొనకముందే ఆదివారం దాన్ని నా ఇనుప రిమ్ము మీదే ఎక్కించి మెట్ల దగ్గర, తడి గట్టు మీద రెండు చోట్లా తొక్కి చూస్తాను. రిమ్ముకి తగులుతుంటే వెనక 32, 2.125తోనే ఉంటాను, తగలకపోతే గట్టి_లాండింగ్ అన్న చెప్పినట్టు 36 ఆర్డరు పెడతాను. ఏదైనా వెనక చక్రం కట్టించడానికి పాలకొల్లే వస్తానండి, స్పోకులు స్టెయిన్‌లెస్‌వే.