సీ లాంగ్వేజ్‌లో తెలుగు మెసేజ్‌ని యూటీఎఫ్-8 నుంచి యూసీఎస్-2 కి మార్చి ఎస్ఎంఎస్ పంపితే ఫోన్‌లో చైనీస్ అక్షరాలు వస్తున్నాయి

యార్డుగేటు_గుంటూరు:

అందరికీ నమస్తే. మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ఉంది. తేజ ఎంత పలికింది, బాడిగ ఎంత, 334 ఎంత అని మిర్చి రకాల రేట్ల కోసం రైతులు రోజంతా ఫోన్ చేస్తూనే ఉంటారు, వాళ్ళలో చాలామందివి కీప్యాడ్ ఫోన్లే కాబట్టి వాట్సాప్ కుదరదు, అందుకే సాయంత్రానికి రేట్లు తెలుగులో ఎస్ఎంఎస్ వెళ్ళిపోయేలా చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నా. ఉబుంటు (లైనక్స్), సీ, సిమ్ వేసి ఎస్ఎంఎస్ పంపే యూఎస్‌బీ జీఎస్ఎం మోడెమ్. మెసేజ్‌లన్నీ యూటీఎఫ్-8 ఫైల్‌లో ఉంటాయి, మోడెమ్‌కి యూసీఎస్-2 (అక్షరానికి 2 బైట్ల ఎన్‌కోడింగ్) హెక్స్‌లో, అంటే ఒక్కో బైట్‌ని రెండంకెలుగా రాసి, ఇవ్వాలి కాబట్టి ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ తీసుకుని, ఐకాన్వ్ ఓపెన్‌లో మొదట "యూసీఎస్-2" తర్వాత "యూటీఎఫ్-8" ఇచ్చా, మెసేజ్ యూసీఎస్-2 అని తెలిపే డేటా కోడింగ్ 8 పెట్టా.

మెసేజ్ వెళ్తుంది కానీ ఫోన్‌లో తెలుగు బదులు డబ్బాలు, చైనీస్ అక్షరాలు, మధ్యలో ఏవో మూల బ్రాకెట్లు కనపడుతున్నాయి. ఇంకోటి, రూపాయి గుర్తు ఉన్న మెసేజ్ అయితే అసలు మోడెమ్ తీసుకోకుండా ఎర్రర్ కొడుతుంది, అదే మెసేజ్‌లో గుర్తు తీసేసి "రూ" అని రాస్తే వెళ్తుంది. ఇవి కాక ఫైల్ పెద్దదైతే మధ్యలో కొన్ని ముక్కలు మొత్తానికి మొత్తం ఎగిరిపోతున్నాయి. ఫైల్‌ని 1024 బైట్ల చొప్పున ఎఫ్‌రీడ్‌తో చదివి ఐకాన్వ్‌కి ఇస్తున్నా, రిజల్ట్ సున్నా కన్నా తక్కువైతే ఎర్రర్ ప్రింట్ చెయ్యమని పెట్టా, అది ఒక్కసారి కూడా ప్రింట్ అవ్వలేదు. ఎక్కడ చూడాలో కాస్త చెప్పండి.

బెంజిసర్కిల్_సీ:

నమస్తే అండి, మంచి పని చేస్తున్నారు. మీ చైనీస్ అక్షరాల సంగతి బైట్ ఆర్డర్, అంటే అక్షరంలోని రెండు బైట్లలో ఏది ముందు అన్నది, అందులో అనుమానం లేదు. గ్లిబ్‌సీ (లైనక్స్‌లోని సీ లైబ్రరీ) లో ఉత్త "యూసీఎస్-2" అంటే మీ మెషీన్ ఆర్డర్‌లోనే ఇస్తుంది, ఇంటెల్ మెషీన్ కాబట్టి చిన్న బైట్ (అక్షరం నంబర్‌ని 256 తో భాగిస్తే మిగిలేది) ముందు, పెద్ద బైట్ (భాగఫలం) వెనక. ఎస్ఎంఎస్‌కి పెద్ద బైట్ ముందు రావాలి. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 3072 నుంచి 3199 వరకు ఉంటాయి, అంటే పెద్ద బైట్ ఎప్పుడూ 12. తిరగబడిందనుకోండి, "ర" కాస్తా జపాన్ వాళ్ళు కొటేషన్‌కి వాడే మూల బ్రాకెట్ అయిపోతుంది, "గ" ఫిలిప్పీన్స్ పాత లిపి బేబాయిన్‌లో ఒక అక్షరం అవుతుంది, పొల్లు చైనీస్ అక్షరం అవుతుంది. మీరు చూసినవి సరిగ్గా ఇవే.

"యూటీఎఫ్-16బీఈ" అని ఇవ్వండి చాలు, బీఈ అంటే పెద్ద బైట్ ముందు అని. బీఈ లేకుండా "యూటీఎఫ్-16" మాత్రం ఇవ్వొద్దు, అది ముందు బైట్ ఆర్డర్ మార్క్ అనే కనపడని గుర్తు ఒకటి పెడుతుంది, ఆర్డర్ కూడా మెషీన్‌దే ఉంటుంది.

రూపాయి గుర్తు గోల వేరే. హెక్స్‌ని ప్రింట్‌ఎఫ్‌తో రెండంకెల ఫార్మాట్‌లో రాస్తున్నారు కదా, బఫర్ (డేటా పెట్టే చోటు) మామూలు క్యార్ టైప్ అయ్యుంటుంది. ఇంటెల్ మీద జీసీసీ (సీ కంపైలర్) లో క్యార్ సైన్డ్, అంటే మైనస్ విలువలు కూడా పట్టేది, 127 దాటిన బైట్ నెగటివ్ అయిపోయి ముందు ఆరు ఎఫ్‌లు తగిలించుకుని ఎనిమిది అంకెలుగా వస్తుంది. తెలుగు అక్షరాల్లో పెద్ద బైట్ 12, చిన్న బైట్ 127 దాటదు, అందుకే అన్నాళ్ళూ బయటపడలేదు. 2010 లో యూనికోడ్‌లోకి వచ్చిన రూపాయి గుర్తుకి చిన్న బైట్ 185, అక్కడ దొరికింది. అన్‌సైన్డ్ క్యార్‌కి క్యాస్ట్ చెయ్యండి.

పటమట_బ్యాక్‌బెంచ్:

బ్రో ఐకాన్వ్ ఎందుకు అంత తలనొప్పి, సెట్‌లొకేల్ (మెషీన్ భాషా సెట్టింగ్ తీసుకునేది) పెట్టి ఎంబీఎస్‌టుడబ్ల్యూసీఎస్ వాడితే ఒక్క లైన్‌లో అయిపోతుంది, వైడ్ క్యార్ (అక్షరానికి ఒక నంబర్) వస్తుంది దాన్ని హెక్స్ చేసేయ్. ఎగిరిపోయే ముక్కలకి ఐకాన్వ్‌లో ఎన్‌కోడింగ్ పేరు చివర "//ఇగ్నోర్" తగిలించు, తప్పు బైట్లు వదిలేసి ముందుకెళ్తుంది.

అరండల్‌పేట_నైట్‌షిఫ్ట్:

పైన బ్రో చెప్పిన రెండూ ఇక్కడ పనికిరావు, కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే ఇది రైతులకి వెళ్ళే రేటు.

వైడ్ క్యార్ లైనక్స్‌లో 4 బైట్లు, విండోస్‌లో 2. మోడెమ్‌కి కావాల్సింది 2. ఒక ఎమోజీ వస్తే లైనక్స్‌లో అది ఒక్క నంబరు, యూటీఎఫ్-16 లో రెండు ముక్కలు, ఆ విడగొట్టే పని మళ్ళీ మనమే రాసుకోవాలి. పైగా సెట్‌లొకేల్ ఆ మెషీన్ లొకేల్ మీద ఆధారపడుతుంది, క్రాన్‌లో (టైమ్‌కి ప్రోగ్రామ్‌ని దానంతటదే నడిపేది) పెట్టి నడిపితే లొకేల్ "సీ" అయిపోవచ్చు, అప్పుడు తెలుగు సరిగ్గా మారదు. ఐకాన్వ్‌కి ఆ బాధ లేదు, ఎన్‌కోడింగ్ పేర్లు మనమే ఇస్తాం.

ఇగ్నోర్ అయితే ఇంకా ప్రమాదం. ఎక్కడ ఏం పోయిందో చెప్పకుండా పారేస్తుంది. పేరులో ఒక గుణింతం పోతే చదువుకుంటారు, తేజ అన్న మాటే పోయి రేటు మాత్రం మిగిలితే ఆ రైతు ఏమనుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. యార్డుగేటు గారూ, ఐకాన్వ్ తిరిగి ఇచ్చేది సైజ్‌టీ, అది అన్‌సైన్డ్ (మైనస్ ఉండదు), సున్నా కన్నా తక్కువ అవడం అనేదే జరగదు. అందుకే మీ ఎర్రర్ లైన్ ఎప్పుడూ ప్రింట్ అవ్వలేదు. మైనస్ ఒకటిని సైజ్‌టీ కి క్యాస్ట్ చేసి దానితో సమానమా అని చూడాలి, సమానమైతే ఏ ఎర్రరో చెప్పే ఎర్‌నో చూడాలి. మీకు వస్తుంది ఈఇన్‌వాల్. దానర్థం డేటా తప్పని కాదు, చివర్లో అక్షరం సగమే ఉందని. తెలుగు అక్షరం యూటీఎఫ్-8 లో 3 బైట్లు, మొదటిది 224, రెండోది 176 లేదా 177, ఆ తర్వాత ఇంకొకటి. 1024 ని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది, మధ్యలో స్పేస్‌లూ అంకెలూ ఒక్కో బైటే కాబట్టి కోత ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. మీరు ఆ మిగిలిన ఒకటి రెండు బైట్లని పారేస్తున్నారు, తర్వాత ముక్క సగం అక్షరంతో మొదలవుతుంది, ఐకాన్వ్ మొదటి బైట్ దగ్గరే ఈఐఎల్‌సెక్ (తప్పు బైట్లు) అని ఆగిపోతుంది, అదీ మీరు చూడట్లేదు కాబట్టి ఆ 1024 మొత్తం గల్లంతు.

చెయ్యాల్సింది ఏంటంటే, ఐకాన్వ్ అయ్యాక ఇన్‌పుట్‌లో ఎన్ని బైట్లు మిగిలాయో అదే చెప్తుంది, ఆ మిగిలినవాటిని మెమ్‌మూవ్‌తో బఫర్ మొదటికి జరిపి, వాటి వెనక నుంచి ఎఫ్‌రీడ్ చెయ్యండి. ఫైల్ అయిపోయాక కూడా ఇంకా మిగిలితే అప్పుడు ఫైల్ నిజంగానే తెగిపోయినట్టు. ఈఐఎల్‌సెక్ వస్తే మాత్రం ఆ మెసేజ్ పంపకుండా ఆపి లైన్ నంబర్ చూపించండి. ఈ2బిగ్ అంటే అవుట్‌పుట్ బఫర్ నిండింది, ఖాళీ చేసి మళ్ళీ పిలవాలి. తెలుగు 3 నుంచి 2 కి తగ్గుతుంది, అంకెలు ఇంగ్లీషు 1 నుంచి 2 కి పెరుగుతాయి, కాబట్టి ఇన్‌పుట్‌కి రెట్టింపు బఫర్ ఇస్తే ఇది రానే రాదు. ఇంకొక్క మాట, అవుట్‌పుట్ పాయింటర్‌ని ఐకాన్వ్ ముందుకి జరుపుతుంది, రాసేటప్పుడు బఫర్ మొదలు నుంచి రాయాలి, జరిగిన పాయింటర్ నుంచి కాదు.

యార్డుగేటు_గుంటూరు:

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. బీఈ పెట్టగానే కీప్యాడ్ ఫోన్‌లో తెలుగు శుభ్రంగా వచ్చింది, మెమ్‌మూవ్ పెట్టాక పెద్ద ఫైల్ కూడా పూర్తిగా వస్తుంది, రూపాయి గుర్తు కూడా వెళ్తుంది. బాబాయి చూసి చాలా సంతోషించాడు. ఇంకో రెండు అడగాలి. 70 అక్షరాల లిమిట్ అంటున్నారు కదా, నేను లెక్కపెడితే తక్కువే ఉన్న మెసేజ్ కూడా కొన్నిసార్లు లిమిట్ దాటుతుంది, ఎలా లెక్కపెట్టాలి? రెండోది, రైతుల పేర్ల పాత లిస్ట్ ఒకటి డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో కొట్టించింది ఉంది, దాన్ని ఐకాన్వ్‌కి ఇస్తే మొదట్లోనే ఈఐఎల్‌సెక్ వస్తుంది, ఐకాన్వ్ ఓపెన్‌లో ఫ్రమ్ (ఏ ఎన్‌కోడింగ్ నుంచి) దగ్గర ఏ పేరు ఇవ్వాలి?

బెంజిసర్కిల్_సీ:

అను కి ఇవ్వడానికి పేరేం లేదండి. అది ఎన్‌కోడింగ్ కాదు, ఫాంట్‌లో ఏ బొమ్మ ఏ నంబర్ దగ్గర ఉందో ఆ నంబర్లు. ఒక అక్షరం రెండు మూడు బొమ్మలు కలిపి గీస్తారు, ఒత్తు ఒక బొమ్మ, తలకట్టు ఇంకో బొమ్మ, ఆ క్రమం కూడా యూనికోడ్ క్రమంలో ఉండదు. బైట్‌కి బైట్ మార్చే టేబుల్ సరిపోదు, బొమ్మల గుంపుని చూసి అక్షరం పోల్చాలి. విజయవాడ ప్రెస్సుల్లో అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు వాడుతుంటారు, ఆ లిస్ట్ ఒక్కసారి అలా మార్పించుకుని యూటీఎఫ్-8 లో సేవ్ చేసుకోండి, మీ సీ ప్రోగ్రామ్‌లోకి ఆ గొడవ తేవొద్దు. మార్చాక ఊళ్ళ పేర్లు తెలిసినవాళ్ళతో చదివించండి, ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి.

అరండల్‌పేట_నైట్‌షిఫ్ట్:

లెక్క గురించి. ఎస్ఎంఎస్‌లో చోటు 140 బైట్లు, అక్షరానికి 2 చొప్పున 70. కానీ ఇక్కడ అక్షరం అంటే మనం పలికే అక్షరం కాదు, గుణింతం గుర్తు ఒకటి, సున్నా ఒకటి, పొల్లు ఒకటి. "గుంటూరు" నోటికి మూడక్షరాలు, లెక్కలో 7. "గుంటూరు మిర్చి యార్డు" స్పేస్‌లతో కలిపి 21. స్ట్ర్‌లెన్ అడిగితే 59 చెప్తుంది, అది బైట్ల లెక్క, దాన్ని నమ్మొద్దు. ఐకాన్వ్ నుంచి వచ్చిన బైట్లని రెండుతో భాగించండి, అదే అసలు లెక్క.

కంటికి కనపడనివి కూడా అందులో కలుస్తాయి. "మార్కెట్‌లో" అని టైప్ చేస్తే ట్ కి లో కి మధ్య కలవకుండా ఆపే గుర్తు ఒకటి, నంబర్ 8204, కీబోర్డ్ పెడుతుంది. స్క్రీన్ మీద ఏం కనపడదు, 70 లో ఒకటి తినేస్తుంది. మెసేజ్ ఫైల్ విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాస్తే ఫైల్ మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లు ఉండొచ్చు, మొదటి మెసేజ్‌లో అవీ ఒకటి తింటాయి, మూడూ వరసగా ఉంటే తీసెయ్యండి. 2019 తర్వాత విండోస్ 10 నోట్‌ప్యాడ్ ఇవి లేకుండానే సేవ్ చేస్తుంది, పాత సిస్టమ్ ఉంటేనే చూసుకోండి.

70 దాటిన మెసేజ్‌ని ఫోన్‌లో ఒకటిగా కలిసి కనపడేలా పంపాలంటే ప్రతి ముక్కకి 6 బైట్ల హెడర్ పోయి 67 మిగులుతాయి, దానికి మామూలుగా మోడెమ్‌ని పీడీయూ మోడ్‌లో (హెడర్‌తో సహా మెసేజ్ మొత్తం మనమే హెక్స్‌లో ఇచ్చే పద్ధతి) వాడతారు. మీరు విడివిడిగా పంపుతున్నట్టయితే స్పేస్ దగ్గరే కొయ్యండి. సరిగ్గా 70 దగ్గర కోస్తే గుణింతం తెగిపోయి తర్వాత మెసేజ్ ఉత్త కొమ్ముతోనో పొల్లుతోనో మొదలవుతుంది, కొన్ని ఫోన్లలో చుక్కల గుండ్రంతో కనపడుతుంది. రేటు అంకె మాత్రం రెండు మెసేజ్‌ల మధ్య పడకుండా చూసుకోండి, రకం పేరూ దాని రేటూ ఒకే దాంట్లో ఉండాలి.