“మీ అమ్మ మా ఫ్యాక్టరీలో పని చేస్తుంది కదా” అన్నాడు, టీచర్‌గా ఏం చేయాలి?

ప్రశ్న: పలాస దగ్గర ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి చూస్తున్నాను. జీడి వ్యాపారుల పిల్లలూ, విద్యాహక్కు చట్టం కింద ఉచిత సీట్లు వచ్చిన పిల్లలూ ఒకే గదిలో ఉంటారు. మొన్న గ్రూపు వర్క్‌లో ఒక బాబు పక్కనున్న పాపతో “మీ అమ్మ మా ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది, నేను చెప్పినట్టు రాయి” అన్నాడు. అప్పట్నుంచి పాప నోరు విప్పడం లేదు. అందరి ముందు సారీ చెప్పించాలా?

జవాబు: వద్దండీ మేడం. అలా చేస్తే ఆ మాట వినని పిల్లలకు కూడా తెలిసిపోతుంది. బాబును విడిగా పిలిచి, “గ్రూపులో ఎవరేం చేయాలో నేను చెబుతాను, ఇంట్లోవాళ్ల పనితో దానికి సంబంధం లేదు” అని గట్టిగా చెప్పండి. తిట్టకండి, అది ఇంట్లో విన్న మాటే అయ్యుంటుంది. పాపను అదే పనిగా ఓదార్చొద్దు. తనకు బాగా వచ్చిన లెక్క ఒకటి రేపు బోర్డు మీద చేయించండి. గ్రూపు లీడర్‌ను వారం వారం మార్చండి.

అసలు తేడాలు బయటపెట్టేది చాలాసార్లు మనమే. “ఫీజు కట్టనివాళ్లు నిలబడండి”, “ఫ్రీ సీటు వాళ్లు ఇటు రండి” అనే మాటలు ఆపాలి. ఫీజు సంగతి ఆఫీసువాళ్లు నేరుగా ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుకోవాలి. థర్మోకోల్ ప్రాజెక్టులు ఇంటికి పంపకండి, పాత అట్టపెట్టెలతో క్లాసులోనే చేయించండి. మేనేజ్‌మెంట్ అడ్డుపడితే విద్యాహక్కు చట్టం చూపించండి. ఉచితంగా ఇచ్చే 25 శాతం సీట్ల పిల్లలను వేరుగా కూర్చోబెట్టకూడదని, పుస్తకాల్లో, ఆటల్లో తేడా చూపకూడదని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లోనే ఉంది. 2009 చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును కూడా నిషేధించింది.

ఇంకొకరు: మాది సముద్రం పక్క సర్కారు బడి. అందరూ ఒకటే అనుకుంటాం గానీ, ఇక్కడా తేడాలున్నాయి. వేటకు గుజరాత్ వెళ్లిన తండ్రులున్నారు, మీటింగుకు నాయనమ్మలే వస్తారు. “అమ్మానాన్నలను తీసుకురా” అనకుండా “ఇంట్లో పెద్దవాళ్లను” అంటే చాలు, పిల్లలు తల దించుకోరు.

మళ్లీ ప్రశ్న: జీడిపిక్కల పని గురించి పాఠంలో చెప్పొచ్చా? పాప బాధపడుతుందేమో.

జవాబు: తప్పకుండా చెప్పండి, కానీ పాప వైపు చూసి కాదు. పిక్క తొక్కలో నూనె చర్మాన్ని కాలుస్తుందని, పప్పు విరగకుండా తీయడానికి ఎంత నేర్పు కావాలో ఆ బాబుకూ తెలిసుండదు. లెక్కలకైతే జీడిపప్పు సైజు గ్రేడులే చక్కటి పాఠం. డబ్ల్యూ 320 అంటే పౌనుకు, అంటే దాదాపు 450 గ్రాములకు, సుమారు 320 పప్పులు, డబ్ల్యూ 240 అంటే 240. మరి దేంట్లో పప్పు పెద్దది? చాలామంది 320 అనేస్తారు. జవాబు చెప్పేయకుండా గ్రూపుల్లో వాదించుకోనివ్వండి. “మీ అమ్మను అడిగి రా” అని మాత్రం ఎవరికీ చెప్పకండి.